లాగ్‌బుక్కులో ఇమడని చదువు: తిరుపతి వార్డుల్లో నర్సింగ్ శిక్షణ

పాము కరిచి వచ్చిన మనిషి రక్తం గడ్డకడుతోందో లేదో తేల్చడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, తర్వాత ఒక్కసారి వంచి చూడటమే పరీక్ష. రక్తం గడ్డగా నిలిస్తే ఒక దారి, నీళ్ళలా జారితే ఇంకో దారి. జారిందంటే కరిచింది రక్తపింజరో చిన్నపింజరో అయి ఉంటుందని, విషం రక్తానికి గడ్డకట్టే శక్తి లేకుండా చేసిందని అర్థం. విషవిరుగుడు మందు ఆలస్యం లేకుండా ఎక్కించాలి. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగి సరిగా తొలపనిదైనా ఫలితాన్ని నమ్మడానికి లేదు. వానలు పడి వేరుశనగ చేలల్లో పనులు సాగే రోజుల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల అత్యవసర విభాగాలకు ఈ పరీక్ష బాగా అలవాటైన పని. ఆ గొట్టానికి కాపలా కాయమని పోస్టింగులో, అంటే వార్డు శిక్షణలో, ఉన్న నర్సింగ్ విద్యార్థికి చెప్పడం కూడా మామూలే.

కాపలా అన్నమాటే గానీ ఆ 20 నిమిషాల్లో చూడవలసినవి చాలా ఉంటాయి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా, కాలి వాపు పైకి పాకుతోందా, మూత్రం రంగు మారిందా అన్నవి గొట్టం పక్కన నిలబడే గమనించాలి. కరిచింది కట్లపామైతే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది గానీ రోగి కనురెప్పలు బరువెక్కి వాలిపోతాయి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాడిని ఆ పాము కరిస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు కాబట్టి, ఇంటివాళ్ళు "నిద్రపోతాండాడు, పండుకోనీండి" అంటారు. మొదటి ఏడాది విద్యార్థి ఆ మాట నమ్మి దుప్పటి సర్దుతుంది. చివరి ఏడాది విద్యార్థి అదే మనిషిని పిలిచి, రెప్పలెత్తి చూడమని అడిగి, ఎత్తలేకపోతున్నాడని గుర్తించి డ్యూటీ డాక్టరు కోసం పరుగెత్తుతుంది. మరునాడు ఇద్దరి లాగ్‌బుక్కుల్లోనూ, అంటే చేసిన పనులు నమోదు చేసే పుస్తకాల్లోనూ, పడేది మాత్రం ఒకటే వరస: తేదీ, వార్డు పేరు, "పాముకాటు కేసుకు సహాయం", పక్కన ట్యూటరు సంతకం.

ఈ రెండు చూపుల మధ్య దూరాన్ని విద్యార్థులు ఏళ్ళ తరబడి వార్డుల్లో తిరిగి దాటుతారు. ఎలా దాటారో వెనక్కి తిరిగి ఆలోచించుకుని చెప్పడం కూడా శిక్షణలో భాగమేనని పాఠ్యప్రణాళికలు అంగీకరిస్తాయి. అయితే ఆ ఆలోచనను రాబట్టే పద్ధతి ఎలా ఉందన్నదే ప్రశ్న. విద్యార్థుల చేత ఏ భాషలో రాయిస్తున్నారు, ఎవరికి చూపించడానికి రాయిస్తున్నారు అన్నదాన్ని బట్టి వాళ్ళు నేర్చింది బయటపడటమో, మరుగున పడటమో జరుగుతుందని చెప్పడానికి తిరుపతి మంచి ఉదాహరణ.

చదువు చట్రం క్లుప్తంగా ఇది. జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా 3 సంవత్సరాలు, బీఎస్సీ నర్సింగ్ 4 సంవత్సరాలు. 1947 చట్టంతో ఏర్పడిన భారతీయ నర్సింగ్ మండలి 2021లో తెచ్చిన నిబంధనలతో బీఎస్సీ సెమిస్టరు పద్ధతికి మారింది; చివరిదైన ఎనిమిదో సెమిస్టరును ఇంటర్న్‌షిప్‌గా వార్డుల్లోనే గడపాలి. 2023లో పార్లమెంటు కొత్త కమిషన్ చట్టాన్ని కూడా ఆమోదించింది. చట్టాలు మారినా విద్యార్థి చేతిలో ఉండే పుస్తకం స్వభావం పెద్దగా మారలేదు. ఎన్ని ఇంజెక్షన్లు చేశారు, ఎన్ని కాన్పులు చూశారు, ఎన్ని చేశారు, ఎంతమంది పసిబిడ్డలకు స్నానం చేయించారు అన్న లెక్కే అందులో ఉంటుంది. లెక్క అనవసరమని కాదు. కాన్పు చేయని చేతికి మిడ్‌వైఫ్‌గా రిజిస్ట్రేషన్ ఇస్తే ప్రమాదం. కానీ లెక్క పూర్తి చేయడమే ధ్యేయమయ్యాక, కాన్పు గదిలో నొప్పులు పడుతున్న మనిషి కన్నా నిండని గడి ముఖ్యంగా కనిపించే రోజులు వస్తాయి. చదువు ముగిసేటప్పుడు విద్యార్థులు కాస్త సిగ్గుతో ఒప్పుకునే విషయాల్లో ఇదొకటి.

ఇక ఊరి సంగతి. నర్సింగ్ విద్యకు ఈ ప్రాంతం కొత్తది కాదు. చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు; 1946లో దేశంలో తొలి నర్సింగ్ డిగ్రీ చదువులు మొదలైన చోట్లలో అదొకటి. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వచ్చింది. క్షయకు మందే లేని ఆ కాలంలో గాలి, తిండి, విశ్రాంతి, శుభ్రతలే వైద్యం కాబట్టి రోగిని నిలబెట్టే భారం ఎక్కువగా నర్సు మీదే ఉండేది. తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల వచ్చింది, 1993లో స్విమ్స్ (శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) మొదలైంది. వైద్య కళాశాలకు బోధనాసుపత్రిగా ఉన్న రుయా, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, ఎముకల చికిత్సకు బర్డ్, 2021లో మొదలైన పసిపిల్లల గుండె ఆసుపత్రి అన్నీ ఒకే ఊళ్ళో ఉండటంతో, వేరే చోట్ల విద్యార్థులు బస్సెక్కి జిల్లాలు దాటి చూడవలసిన జబ్బులు ఇక్కడ కొద్ది కిలోమీటర్ల లోపలే కనిపిస్తాయి.

వీటన్నిటికీ మించి ఈ ఊరికే ప్రత్యేకమైన రోగి ఒకరున్నారు: యాత్రికుడు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ఇంట్లో నాలుగడుగులు వేయని పెద్దవాళ్ళు కూడా మొక్కుకున్నామని ఎక్కడం మొదలుపెడతారు. మధ్యలో గుండె పట్టేసిన మనిషిని అంబులెన్సులో కిందికి తెస్తే, వెంట వచ్చినవారిలో సగం మంది కొండ మీద క్యూలో ఉంటారు, వాళ్ళ ఫోన్లు డిపాజిట్ కౌంటర్లో ఉంటాయి. ఆ కాసేపు రోగికి నా అన్నవారు ఉండరు. పేరు, ఊరు, వాడే మందులు, ఇంతకుముందు గుండెజబ్బు ఉందా అన్నవి చెప్పేవారు లేక, కేస్ షీటు సగం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని నింపే పని విద్యార్థి మీద పడుతుంది. చేతిసంచిలో మందుల పట్టీ వెతకడం, గుండు కొట్టించుకుని రాసుకున్న గంధం ఇంకా ఆరని తలను దిండు మీద ఆనించడం, ఆ మనిషి తమిళుడైతే "ఎంగ వలిక్కుదు?" అనీ, కన్నడిగుడైతే "ఎల్లి నోవు?" అనీ అడగడం ఏ ప్రొసీజర్ పుస్తకంలోనూ లేవు. రెండు మూడు భాషల్లో నొప్పి గురించి అడగగలగడం తిరుపతిలో చదివినవారికి పెద్దగా ప్రయత్నించకుండానే అబ్బే విద్య. దాన్ని ఏ ధ్రువపత్రంలోనూ రాయరు.

భాష ప్రస్తావన వచ్చింది కాబట్టి అసలు చిక్కు దగ్గరే కొంచెం ఆగాలి. నర్సింగ్ పాఠాలూ పరీక్షలూ ఇంగ్లిషులో ఉంటాయి. చదివేవారిలో చాలామంది పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు. రోగి మాట్లాడేది తెలుగు, అందులోనూ ఈ ప్రాంతపు తెలుగు. "కడుపు నొస్తాంది" అన్న అవ్వను ఇంకాస్త అడిగితే అది మంటో, పోటో, మెలిపెట్టడమో తేలుతుంది. కాళ్ళ విషయంలో తీపు వేరు, సలుపు వేరు, తిమ్మిరి వేరు. ఊపిరికి సంబంధించి ఆయాసం, రొప్పు, దమ్ము, ఊపిరాడకపోవడం అన్న మాటల్ని జనం ఒకదాని బదులు ఒకటి వాడరు. మెట్లెక్కితే వచ్చేది ఆయాసం. పడుకుంటే ఊపిరాడటం లేదని లేచి కూర్చునే మనిషిది వేరే బాధ, బహుశా గుండెకు సంబంధించినది. విద్యార్థి చార్టులోకి వచ్చేసరికి ఇవన్నీ కలిసి "డిస్‌ప్నియా" అనే ఒకే మాటగా మారతాయి, నొప్పులన్నీ కలిసి సున్నా నుంచి పది దాకా ఒక అంకెగా మారతాయి. వృత్తికి ఉమ్మడి భాష ఉండాలి, చార్టు చదివే డాక్టరుకు ఒకే మాట సౌకర్యం కూడా. అయితే మంచి విద్యార్థి ఈ మార్పిడి చేసేటప్పుడు ఏది జారిపోతోందో గమనించి, జారిపోయినదాన్ని హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు రోగులను అప్పగించే వేళ, నోటితో చెబుతుంది: "మూడో బెడ్ తాత పడుకోలేకపోతున్నాడు స్టాఫ్, రాత్రంతా కూర్చునే ఉన్నాడు." చార్టులో లేని ఈ ఒక్క వాక్యం డాక్టరును ఆ మంచం దగ్గరికి నడిపిస్తుంది.

పోస్టింగు ముగిశాక అనుభవాన్ని రాయమన్నప్పుడు ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. అది కూడా ఇంగ్లిషులోనే రాయాలి, దానికీ మార్కులుంటాయి. కాబట్టి "ఐ గెయిన్డ్ గుడ్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ దిస్ వార్డ్" అన్న వాక్యం సీనియర్ల నోట్సు నుంచి జూనియర్ల నోట్సుకు ఏళ్ళ తరబడి చేతులు మారుతూ వస్తుంది. రాసినవారికి అనుభవం లేదనుకోవడం పొరపాటు. అనుభవం ఉన్న భాష వేరు, రాయమన్న భాష వేరు. అదే విద్యార్థి ఆ సాయంత్రం హాస్టలు మెస్సులో కంచం ముందు పెట్టుకుని, చెయ్యి ఎండిపోతున్నా పట్టించుకోకుండా, వార్డులో జరిగింది పూసగుచ్చినట్టు చెబుతుంది. అందులో సంఘటన ఉంటుంది, కారణం ఉంటుంది, తన తప్పు ఉంటుంది, ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఎలా సరిదిద్దిందో ఉంటుంది. పాఠ్యప్రణాళిక కోరేది సరిగ్గా అదే. కాకపోతే దాన్ని వినాల్సినవారు ఆ మెస్సులో ఉండరు.

రెండో అడ్డంకి భయం. ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో దొరుకుతాయి, 100 యూనిట్ల బలం ఉన్నవీ ఉన్నాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 40 బలం ఉన్న సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే రోగికి అందేది 8 యూనిట్లే, చక్కెర తగ్గదు. తారుమారై 100 బలం ఉన్న సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే అందేది 50 యూనిట్లు. కాసేపటికి చెమటలు, వణుకు, ఆ తర్వాత స్పృహ తప్పడం. రెండు సందర్భాల్లోనూ గీత సరిగ్గానే ఉంది, చేసిన చేతికి తప్పు చేశానని తెలియదు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని బట్టీపట్టిన ఐదు సూత్రాలూ పాటించానన్న ధీమా కూడా ఉంటుంది.

మందు లాగాక, సూది గుచ్చే ముందు, మూత రంగు చూసి ఆగిపోయిన విద్యార్థిని ఊహించుకోవాలి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె సిరంజిని, వాడిన సూదులు పారేసే తెల్లటి షార్ప్స్ డబ్బాలో వేసి, కొత్తది తీసుకుని సరిగ్గా ఇచ్చింది. శిక్షణ దృష్టితో చూస్తే ఆ నెలలో ఆమె నేర్చిన పెద్ద పాఠం ఇదే, మిగతా విద్యార్థులకూ పనికొచ్చేది ఇదే. అయినా అనుభవ నోట్సులోకి ఇది రావడం అరుదు. రాస్తే "ఎందుకు చూసుకోలేదు" అని అందరి ముందూ నిలదీస్తారని, ఇంటర్నల్ మార్కులకు గండి పడుతుందని, ఇంటికి ఫోన్ చేస్తారని ఆమె లెక్కలు ఆమెకుంటాయి. ఆ రాత్రి హాస్టలు గదిలో ఉన్నవారందరికీ మాత్రం ఎరుపు, నారింజ మూతల సంగతి తెలిసిపోతుంది. పక్క గదికి తెలియదు, వచ్చే ఏడాది బ్యాచికి అసలే తెలియదు. తృటిలో తప్పిన పొరపాటును చెప్పినవారికి శిక్ష, దాచినవారికి మార్కులు దొరికే చోట, ఎంత మంచి ప్రశ్నపత్రం ఇచ్చినా ఆలోచన బయటికి రాదు.

సూది గుచ్చుకున్నప్పుడు కూడా ఇదే వరస. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ పడి ఉన్నాయో లేదో చూడాలి, హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. తిట్లకు భయపడి రెండు రోజులు దాచుకున్న విద్యార్థి ఆ గంటల్లో ఎక్కువ భాగం పోగొట్టుకున్నట్టే.

ఈ ఆలోచనా పద్ధతికి సిద్ధాంతం లేకపోలేదు. పని చేస్తూనే ఆలోచించడం వేరనీ, పని ముగిశాక దాని గురించి ఆలోచించడం వేరనీ అమెరికన్ ఆలోచనాపరుడు డొనాల్డ్ షోన్ 1983లో చెప్పారు. 1988లో విద్యా పరిశోధకుడు గ్రాహమ్ గిబ్స్ ఇలాంటి ఆలోచనను ఆరు మెట్ల చక్రంగా చూపారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండవచ్చు, మళ్ళీ వస్తే ఏం చేస్తారు. నర్సింగ్ కళాశాలల్లో ఈ చక్రం బొమ్మ బాగా వ్యాపించింది. వ్యాపించడంతోనే సగం చచ్చిందని చెప్పినా అతిశయోక్తి కాదు, ఎందుకంటే ఆరు గడులూ నింపడం కూడా లాగ్‌బుక్కులో ఇంకో గడి అయింది. నర్సు అనుభవాన్ని కొత్తవారి నుంచి నిపుణుల దాకా ఐదు దశలుగా చూపిన అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ పరిశీలన ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. కొత్తవారు నియమాన్ని పట్టుకుని నడుస్తారు, నిపుణులు పరిస్థితిని మొత్తంగా ఒక్క చూపులో పట్టేస్తారు, ఎలా పట్టారో మాత్రం వెంటనే చెప్పలేరు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ వార్డులోకి అడుగుపెడుతూనే "ఏడో బెడ్ ఆవిడ రంగు బాలేదు, బీపీ చూడు" అనడం ఆ కోవలోదే. ఆ ఒక్క మాట వెనక ఏమేం చూశారో ఆమెను అడిగి చెప్పించుకునే తీరిక దొరికితే, విద్యార్థికి అది నెల రోజుల పాఠంతో సమానం. ఆ తీరిక దొరకదు, ఒక సిస్టర్ చూడవలసిన మంచాలు చాలా ఉంటాయి.

పుస్తకానికీ వార్డుకూ మధ్య తేడా గురించి విద్యార్థులు చెప్పేవాటిలో ఫిర్యాదు ఎంతో, మెలకువ అంతే ఉంటుంది. ల్యాబులో బొమ్మ మనిషికి స్నానం చేయించడానికి తెర, రెండు బేసిన్లు, అరడజను తువ్వాళ్ళు ఉంటాయి. వార్డులో ఒక బకెట్టు, రోగి కూతురు తెచ్చిన పాత చీర ముక్క ఉంటాయి. పుస్తకం ప్రకారం 500 మిల్లీలీటర్ల సెలైను 8 గంటల్లో పోవాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టుతో నిమిషానికి సుమారు 21 చుక్కలు పడాలి. విద్యార్థి గడియారం చూసి లెక్కపెట్టి సరిచేసి అటు వెళుతుంది. "ఇది అయిపోతే ఇంటికి పంపిస్తారంట" అని విన్న కొడుకు చుక్కల వేగం మార్చే రోలరును పూర్తిగా తిప్పేస్తాడు, అరగంటలో సగం సీసా ఖాళీ. మొదటిసారి కోపం వస్తుంది. నాలుగోసారికి ఆ విద్యార్థే చుక్కలు సరిచేశాక "అన్నా, ఇది బిరబిరా పోతే నాయనకు ఆయాసం వస్తుంది, గుండెకు బరువవుతుంది. నువ్వు చక్రం ముట్టుకోవద్దు, చుక్క ఆగితే నన్ను పిలువు" అని చెప్పి, కొడుకును కాపలాదారుగా మార్చుకుంటుంది. ఆసుపత్రుల్లో రోగి సేవలో పెద్ద భాగం చేసేది అటెండర్లుగా వచ్చిన ఇంటివాళ్ళే కాబట్టి, వాళ్ళకు పని నేర్పడం కూడా నర్సు పనేనని ఇలాంటి చోటే తెలుస్తుంది. చదువు ముగించి ఉద్యోగంలో చేరినవారికి బడిలో నేర్పిన విలువలకూ ఆసుపత్రి తీరుకూ మధ్య తగిలే దెబ్బను అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ 1974లోనే వివరించారు. మన విద్యార్థులకు ఆ దెబ్బ ఉద్యోగం దాకా ఆగదు, రెండో ఏడాదిలోనే తగులుతుంది. ముందే తగలడం వల్ల కొంత మేలు కూడా ఉంది, ఇంకా అడగడానికి ట్యూటరు పక్కనే ఉంటారు.

చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పోస్టింగు చివర ట్యూటరు పెట్టే సమావేశంలో మొదటి పావుగంట తెలుగులో, మార్కుల పుస్తకం మూసిపెట్టి మాట్లాడుకోవచ్చు. చార్టు ఇంగ్లిషులో ఉండాలి గానీ, దాని వెనక ఆలోచన ఇంగ్లిషులో ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పేరు రాయకుండా తృటిలో తప్పిన పొరపాట్లను వేసే డబ్బా ఒకటి పెట్టి, నెలకోసారి వాటిని అన్ని బ్యాచులకూ చదివి వినిపించవచ్చు. అలా చేస్తే సిరంజి మూతల రంగు ఒక్క గదిలో ఆగిపోదు. ట్యూటరు ముందుగా తన పొరపాటు ఒకటి చెబితే ఆ గది వాతావరణమే మారుతుంది. చెప్పగలిగినవారు తక్కువ, అది వేరే సంగతి.

మరణం గురించి మాట్లాడే చోటు కూడా ఇదే కావాలి. తొలిసారి తన డ్యూటీలో రోగి పోయినప్పుడు విద్యార్థికి నేర్పేది శవానికి చేయవలసిన పనుల వరస: గొట్టాలు తీయడం, కళ్ళు మూయడం, చేతులకు కట్టు, చీటీ. ఆ వరస అవసరం, చేతికి పని ఉండటం ఆ వేళ మనసుకు ఆసరా కూడా. కానీ గంట క్రితం "పాపా, మంచినీళ్ళు" అని అడిగిన మనిషి గురించి, ఇచ్చానా లేదా అన్నదాని గురించి, మూడేళ్ళ తర్వాత కూడా గుర్తుచేసుకునే విద్యార్థులుంటారు. దానికి వార్డులో చోటు లేదు.

మళ్ళీ గాజు గొట్టం దగ్గరికి వస్తే, అక్కడ పని ఒక్క పరీక్షతో ముగియదు. రక్తం గడ్డకట్టలేదని తేలి విషవిరుగుడు మందు ఎక్కించాక, ఆరు గంటలకు మళ్ళీ అదే పరీక్ష చేయాలి. రాత్రి ఒంటిగంటకు మందు మొదలైతే రెండో పరీక్ష తెల్లవారి ఏడు గంటలకు పడుతుంది, సరిగ్గా నైట్ డ్యూటీ దిగి హాస్టలు బస్సెక్కే వేళకు. రాత్రంతా కాపలా కాసిన విద్యార్థి హ్యాండోవర్ ఇచ్చి, సంతకం చేయించుకుని, బస్సు కిటికీ పక్కన కూర్చుంటుంది. కపిలతీర్థం దాటే లోపల నిద్ర ముంచుకొస్తుంది. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంటుంది, మార్నింగ్ డ్యూటీ ఎక్కిన జూనియర్‌కు పంపిన సందేశం తెరిచే ఉంటుంది: "వంచి చూశావా? గడ్డకట్టిందా?"